అఖండదీపమునకు విడిచిన మంద



ప్రవచనము ముగిసి తీర్థప్రసాదములు పంచు వేళ భక్తులు అర్చకులను అడిగెడి ప్రశ్నలు పూర్వము వేరుగా ఉండెడివి. ఉపనయన ముహూర్తము, గ్రహశాంతి, పితృకార్యము, ఇంతే. ఇప్పుడు ముప్పది, నలుబది ఏండ్ల గృహస్థులు, ముఖ్యముగా హైదరాబాదులోను విదేశములలోను సాఫ్ట్‌వేర్ ఉద్యోగము చేయువారు, మరియొక ప్రశ్న వేయుచున్నారు. జీతముతో పనిలేకుండ ఇల్లు గడచునట్లు ధనమును మదుపు చేసి, దాని రాబడితో జీవించుచు, మిగిలిన కాలమును జపమునకు, క్షేత్రసేవకు వినియోగించుకొనుట శాస్త్రసమ్మతమేనా? అట్టి రాబడిని వారు ‘పాసివ్ ఇన్‌కమ్’ అనియు, దానితో కలిగెడి స్థితిని ‘ఆర్థిక స్వాతంత్ర్యము’ అనియు వ్యవహరించుచున్నారు.

దీనికి ఆస్తికలోకమున రెండు తొందరపాటు సమాధానములు వినవచ్చుచున్నవి. సాధకునికి ధనచింత తగదు, అంతయు భగవంతుడే చూచుకొనును అనునది మొదటిది. అర్థము కూడ పురుషార్థమే గదా, ఎంత కూడబెట్టిన అంత లక్ష్మీకటాక్షము అనునది రెండవది. రెండును గ్రంథమును సగము చదివి మూసినవారి మాటలే. కాయకష్టము లేకుండ వచ్చెడి రాబడిని మన శాస్త్రము, మన ఆలయ సంప్రదాయము నిందింపలేదు. కాని దానిని ఎన్నడును ఒంటరిగా విడిచిపెట్టలేదు. అట్టి ప్రతి రాబడికిని ఒక విధిని ముడివేసినవి. నేటి ఆర్థిక స్వాతంత్ర్య చర్చలో ఆ ముడి జారిపోయినది.

మొదటి సమాధానమును ముందుగా విచారింతము. భగవద్గీత తొమ్మిదవ అధ్యాయమున అనన్యభక్తుల యోగక్షేమమును తానే వహింతునని భగవానుడు ప్రతిజ్ఞ చేసినాడు. యోగమనగా లేనిదానిని పొందుట, క్షేమమనగా పొందినదానిని కాపాడుకొనుట. శంకరభగవత్పాదులు ఇచ్చట ఒక శంకను తామే లేవదీసినారు. ఇతర భక్తుల యోగక్షేమమును కూడ భగవంతుడే వహించుచుండగా, ఈ విశేషవచనమేల? వారు చెప్పిన సమాధానము సూక్ష్మమైనది. భగవంతుడు అందరి యోగక్షేమమును వహించుట నిజమే. అయితే ఇతరులు తమకొఱకు తాము కూడ ప్రయత్నించుచుందురు. అనన్యదర్శులకు తమకొఱకైన ఆ ప్రయత్నమే లేదు, బ్రతుకు మీదను చావు మీదను వారికి ఆశ లేదు. అనగా ఆ శ్లోకము ఒక పరిపక్వస్థితిని వర్ణించుచున్నది. పిల్లల బడి రుసుము కట్టవలసిన గృహస్థుడు దానిని అడ్డుపెట్టుకొని బీమా కూడ చేయకుండుట భక్తి అనిపించుకొనదు. తాను ఆశ విడువలేదు, ప్రయత్నము మాత్రము విడిచినాడు. అట్టివాని యోగక్షేమము చివరకు వాని బావమరది భుజముల మీద పడును.

గృహస్థుని నిలువ ఎంత ఉండవలెననుటకు స్మృతులలో లెక్కయే కలదు. మనుస్మృతి నాలుగవ అధ్యాయము బ్రాహ్మణ గృహస్థులను నాలుగు విధములుగా చెప్పినది. గాదె నిండ ధాన్యము గలవాడు, కుండ నిండ ధాన్యము గలవాడు, మూడు దినములకు సరిపడ గలవాడు, రేపటికి కూడ లేనివాడు. వీరిలో వెనుక చెప్పబడినవాడు ముందువాని కంటె శ్రేష్ఠుడని కూడ అచ్చటనే ఉన్నది. వైరాగ్యవాదులు ఈ మాటను మాత్రమే పట్టుకొందురు. ఆ గ్రంథముననే పదునొకండవ అధ్యాయమున మరియొక నియమము కలదు: తనపై ఆధారపడినవారిని పోషించుటకు మూడు సంవత్సరములకు గాని అంతకు మించి గాని చాలు ధాన్యము ఉన్నవాడే సోమయాగమునకు అర్హుడు, అంత లేక సోమపానము చేసినవానికి దాని ఫలము దక్కదు. యజ్ఞము ఎంత గొప్పదైనను ఇంటిలోని వృద్ధులను, పిల్లలను పస్తుంచి చేయరాదని దీని తాత్పర్యము. ఉద్యోగము మాని తీర్థయాత్రకు బయలుదేరదలచిన నేటి గృహస్థునికి ఇంతకంటె సూటియైన ప్రమాణము దొరకదు. మూడేండ్ల గ్రాసము ముందు, సోమము తరువాత.

ఇక ‘పాసివ్ ఇన్‌కమ్’ అనునది కొత్త వస్తువని తలచువారు ఆలయ శాసనములను ఒకమారు చదువవలెను. దక్షిణదేశ దేవాలయములలో దీపము ఆరకుండుటకై దాతలు నేతిని గాని రొక్కమును గాని ఇచ్చుటతో సరిపెట్టలేదు. మందను ఇచ్చినారు. తంజావూరున రాజరాజచోళుడు కట్టించిన ఆలయపు శాసనములలో ఒక అఖండదీపమునకు 96 గొఱ్ఱెలను కేటాయించి, దినమునకు ఒక ఉళక్కు నేయి రావలెనని నిర్ణయించినారు. తమిళ శాసనములు ఆ మందను చావును ముసలితనమును లేని గొఱ్ఱెలని పిలిచినవి. ఏ గొఱ్ఱెయు చావకపోదు. కాని చచ్చినదాని స్థానమున పుట్టినది చేరుచుండును గనుక, మంద సంఖ్య తఱుగరాదని ఆ పేరునకు అర్థము. మూలధనము తఱుగక, దాని ఫలముతో మాత్రమే దీపము వెలుగవలెను. నేటి మదుపు శాస్త్రము చెప్పెడి మూలసూత్రము ఇంతకు మించినది కాదు. మన ద్రాక్షారామ భీమేశ్వరాలయ శాసనములందును ఇదే పద్ధతి కనబడును. దాత ఇచ్చిన జీవధనమును ఒక బోయ స్వీకరించి, తానును తన సంతతియు దినదినము మానెడు నేయి దీపమునకు పోయవలెనని వ్రాయబడి ఉండును.

ఈ శాసనములలో గమనింపదగినది దాత పేరు ఒక్కటే కాదు, నేయి పోయవలసినవాని పేరు కూడ. మంద మేపువాడు, పాలు పితుకువాడు, వెన్న కాచువాడు ఎవరో శాసనమునకు తెలియును. దాతకు అది శ్రమలేని పుణ్యమే గాని, లోకమున శ్రమలేని నేయి లేదు. మ్యూచువల్ ఫండ్ వలన వచ్చెడి వృద్ధియు ఇట్టిదే. షేరు కొన్నవాడు నిద్రించుచుండగా ఎవ్వరో ఒకరు మేల్కొని యంత్రము నడుపుచున్నారు, లారీ తోలుచున్నారు, రాత్రి పాళీలో కూర్చున్నారు. ‘నిద్రలో కూడ సంపాదన’ అని వీడియోలలో చెప్పువారు ఈ సగమును మింగివేయుచున్నారు. ‘పాసివ్’ అను విశేషణము పొందువానికి చెల్లును గాని, ధనమునకు చెల్లదు.

అందువలననే పూర్వులు అట్టి రాబడికి విధిని ముడివేసినారు. మంద ఉన్నది దీపము కొఱకు. అగ్రహారము వేదాధ్యయనము కొఱకు. అర్చకునికి, భజంత్రీలకు ఇచ్చిన ఈనాము భూములు సేవ కొఱకు; సేవ మానినచో మాన్యము మీద హక్కు కూడ ప్రశ్నలో పడెడిది. ఈ వ్యవస్థయందు దోషములు లేవని ఎవ్వరును అనలేరు. పొలము దున్నిన కౌలురైతునకు దక్కినదెంత అనునది నేటికిని నిలిచి ఉన్న ప్రశ్న. అయితే, ఇతరుల శ్రమఫలమును అనుభవించువాడు దానికి బదులుగా ఏదో ఒక కార్యమునకు కట్టుబడి ఉండవలెనను భావము మాత్రము నిర్దోషమైనది. ఉద్యోగము నుండి విడుదల కోరువాడు తన మందకు ఏ దీపమును చూపగలడు? మదుపు మొదలుపెట్టు దినముననే ఈ ప్రశ్నను ఒక కాగితముపై వ్రాసికొనవలెను. చాలినంత ధనము చేరిన తరువాత ఆలోచింతునన్నవారికి ‘చాలు’ అనునది రాదు.

మందకు, రొక్కమునకు గల భేదము ఆలయములలో మరియొక విధముగా తెలియవచ్చును. శాశ్వతపూజ అను పద్ధతి ఎల్లరు ఎరిగినదే. భక్తుడు కొంత ధనము నిక్షేపించును, దాని వడ్డీతో ఏటేట అతని గోత్రనామములతో అర్చన జరుగును. ఏబది ఏండ్ల క్రిందట 1,116 రూపాయలు గౌరవనీయమైన మొత్తము. నూటికి 9 రూపాయల సాలువడ్డీ చొప్పున ఏటికి నూరు రూపాయలు వచ్చెడివి. పూజ జరిగి, ప్రసాదము పంచి, ఇంకను మిగిలెడిది. నేడు నూటికి ఆరున్నర చొప్పున అదే మొత్తమునకు వచ్చునది డెబ్బది రెండు రూపాయలు. రెండు కొబ్బరికాయలకు కూడ చాలునో లేదో. నిక్షేపము చెక్కుచెదరలేదు, ఒక్క రూపాయి పోలేదు. అయినను శాశ్వతపూజలోని శాశ్వతత్వము ఎగిరిపోయినది. గొఱ్ఱె పిల్లను పెట్టును, రూపాయి పెట్టదు. గొఱ్ఱె ధర నేతి ధరతో పాటు పెరుగును, రూపాయి విలువ నేతి ధర పెరిగిన కొలది కరుగును. బ్యాంకు డిపాజిట్టు తప్ప వేరేదియు ధర్మ్యము కాదనువారు, షేర్లనగా జూదమేననువారు ఈ ఉదాహరణమును మననము చేయవలెను. ధనమంతయు డిపాజిట్లలో ఉంచుట కూడ ఒక సాహసమే, పైకి సాహసముగా కనబడదు అంతే. వడ్డీ సైతము నిలకడగా ఉండునది కాదు. ప్రజా భవిష్యనిధి, అనగా పి.పి.ఎఫ్., 1990 దశకమున 12 శాతము వడ్డీ ఇచ్చెడిది. 2020 ఏప్రిల్ నాటికి అది 7.1 శాతమునకు దిగినది. ఇక బ్యాంకు విఫలమైనచో డిపాజిట్లకు గల బీమా ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల వరకే.

ఇప్పుడు గణితము. ఆర్థిక స్వాతంత్ర్యమును బోధించువారు ఏడాది ఖర్చునకు ఇరువదియైదు రెట్లు కూడబెట్టిన చాలునని చెప్పుచుందురు. దీనికి మూలము 1994లో విలియం బెంగెన్ అను అమెరికా ఆర్థిక సలహాదారుడు ప్రచురించిన గణనము. నిధిలో మొదటి ఏట నాలుగు శాతము తీసికొని, తరువాత ధరల పెరుగుదల ననుసరించి ఆ మొత్తమును పెంచుకొనుచు పోయినను, ముప్పది ఏండ్ల వరకు నిధి తరగిపోదని ఆయన అమెరికా మార్కెట్టు చరిత్రను బట్టి తేల్చెను. ఆ చరిత్ర మనది కాదు, మన ధరల పెరుగుదల వారిది కాదు. పైగా ఆయన లెక్కించినది ముప్పది ఏండ్లు. నలుబదియవ ఏట ఉద్యోగము మానువాడు తొంబది వరకు బ్రతికినచో ఏబది ఏండ్లు గడుపవలెను. కనుక ఇరువదియైదు రెట్లను తారకమంత్రముగా భావింపరాదు, అంతకు మించియే ఉంచుకొనవలెను.

ఆ సూత్రమునే తీసికొని చూచినను, వీడియోలలో చెప్పని ఒక సంగతి బయటపడును. నెలకు 90,000 రూపాయలు చేతికి వచ్చి, అందులో 40,000 ఖర్చగు కుటుంబమును ఊహింపుడు. మిగిలిన 50,000 నెలనెల మదుపు చేయుదురు, ఏటికి 10 శాతము వృద్ధి, ధరలు ఏటికి 6 శాతము చొప్పున పెరుగుననుకొందము. వారి నేటి ఏడాది ఖర్చు 4.8 లక్షలు, దానికి ఇరువదియైదు రెట్లు 1.2 కోట్లు. కాని ఇరువది ఏండ్ల తరువాత అదే జీవనమునకు ఏటికి 15 లక్షలకు పైన కావలెను, నిధి 3.85 కోట్లు ఉండవలెను. నెలకు 50,000 చొప్పున ఇరువది ఏండ్లు కట్టినచో చేరునది సుమారు 3.8 కోట్లు. అనగా ఇరువది ఏండ్లు పట్టును. అదే కుటుంబము 25,000తో తృప్తిగా గడుపగలిగినచో? మదుపు నెలకు 65,000 అగును. కావలసిన నిధియు తగ్గును. పదేండ్లకు వారికి కావలసినది 1.34 కోట్లు, చేరునది 1.33 కోట్లు. ఇరువది ఏండ్ల పని పదేండ్లలో ముగిసినది. వృద్ధి శాతము మారలేదు, మార్కెట్టు కరుణింపలేదు, జీతమును మారలేదు. ఇది స్థూలగణితమే, ఆదాయము పెరుగును, రోగములు వచ్చును, మార్కెట్టు ఏటేట 10 శాతము ఇచ్చునని ఎవ్వరును పూచీ పడరు. అయినను యోగశాస్త్రము యమములలో చేర్చిన అపరిగ్రహము, నియమములలో చేర్చిన సంతోషము లెక్కల పుస్తకములో సైతము ఎంత బలమైనవో ఇచ్చట కనబడును. కోరిక తగ్గినపుడు పొదుపు పెరుగును, చేరవలసిన గమ్యము కూడ దగ్గరకు జరుగును. రెండు వైపుల నుండియు పనిచేయు ఉపాయము ఇది యొక్కటే. ఆశ్చర్యమేమనగా, ఏ షేరు కొనవలెనని అడుగువారు పదిమంది ఉన్నచో, ఏ ఖర్చు మానవలెనని అడుగువాడు ఒక్కడు లేడు.

వడ్డీ వ్యాపారమును గూర్చి కూడ చెప్పవలసియున్నది. పెట్టుబడి యనగానే ఇంటి ప్రక్కవారికి నూటికి మూడు రూపాయలు, ఐదు రూపాయలు చొప్పున అప్పిచ్చి, నెలనెల వసూలు చేసికొనుటను ‘పాసివ్ ఇన్‌కమ్’ అని చెప్పుకొనువారు మన పల్లెలలోను, పట్టణములలోను తక్కువేమి కాదు. నెలకు నూటికి ఐదనగా ఏడాదికి అరువది. కౌటిల్యుని అర్థశాస్త్రము నెలకు నూటికి ఒకటింపావు పణమును ధర్మ్యమైన వడ్డీగా నిర్ణయించినది, ఏడాదికి పదునైదు. వర్తకులకు నెలకు ఐదు, అడవిదారుల పోవు వర్తకులకు పది, సముద్రవ్యాపారులకు ఇరువది వరకు అనుమతించినది. ఈ క్రమములోనే హేతువు కనబడుచున్నది. ఓడ మునిగినచో అప్పిచ్చినవాని సొమ్మును మునుగును గనుక అతనికి ఇరువది. అంతటి వడ్డీని కూతురి కాన్పుకు అప్పు తెచ్చుకొన్న కూలివాని నుండి రాబట్టుట సముద్రయానము కాదు, నిలువుదోపిడి. పోగైన వడ్డీ అసలును మించరాదని, అనగా మొత్తము రెట్టింపు దాటరాదని మనువు హద్దు విధించెను. ‘దాందుపట్టు’ అను పేర ఆ నియమము బ్రిటిషు వారి కాలమున న్యాయస్థానములలో కూడ కొంత నిలిచినది. సాధకుడు ఈ మార్గమున రూపాయి కూడ సంపాదింపరాదు.

కౌటిల్యుని క్రమమును తిరుగవేసి చదివినచో మదుపుదారులకు ఒక హెచ్చరిక దొరకును. ఎవడైన ఇరువది ఇత్తునన్నచో, వాని ఓడ సముద్రములో ఉన్నదని తెలిసికొనవలెను. నిలకడయైన ఆదాయము, నెలకు నూటికి నాలుగు, ఏ అపాయము లేదు అని ఏ సంస్థ చెప్పినను, ఈ మూడు మాటలలో ఒకటి అబద్ధము. అధికవడ్డీ ఆశకు లొంగి డిపాజిట్లు చేసి నష్టపోయిన కుటుంబములు తెలుగునాట ప్రతి ఊరిలోను ఉన్నవి. వారిలో పలువురు ఆ సొమ్మును తెచ్చి ఇచ్చినది బంధువైన ఏజెంటు ముఖము చూచి. బంధుత్వము మీద నమ్మకముంచుట దోషము కాదు. లెక్క అడుగకుండుట దోషము.

జూదము సంగతి మరింత దుఃఖకరము. ఋగ్వేదము పదవ మండలములోని ముప్పదినాలుగవ సూక్తము అక్షసూక్తము. పాచికలకు చేతులు లేవు, అయినను చేతులున్నవానిని అణచివేయునని ఆ జూదరి వాపోవును. భార్య దూరమగును, అత్తగారు ద్వేషించును, వీనిని మేమెరుగమని సోదరులే చెప్పుదురు. చివరకు పాచికలను విడిచి పొలము దున్నుకొమ్మను ఉపదేశము వచ్చును. ఫ్యూచర్స్, ఆప్షన్స్ అను వ్యాపారములో దిగి, చేతనున్న ఫోనుతోనే సర్వస్వము కోల్పోయిన యువకుల ఇండ్లలో ఈ సూక్తమునకు ప్రత్యేకముగా భాష్యము చెప్పనక్కరలేదు. 2024లో సెబీ వెల్లడించిన అధ్యయనము ప్రకారము, 2022 నుండి 2024 వరకు గల మూడు ఆర్థిక సంవత్సరములలో ఈ వ్యాపారము చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయినారు. వారి నష్టముల మొత్తము 1.8 లక్షల కోట్లకు పైమాట. తమ జాతకమున ధనయోగమున్నదని, తాము ఆ మిగిలిన ఏడుగురిలో ఒకరమని తలచుట మానవ సహజము. జాతకము చేతబట్టుకొని ఆలయమునకు వచ్చి, ఏ హోరలో ఆప్షన్ కొనవలెనని అడుగువారికి ముహూర్తము పెట్టుట జ్యోతిషమునకే అవమానము. అట్టి ముహూర్తము పెట్టువారికి ఆ నష్టములో పాలు లేదని అనుకొనరాదు.

మదుపు యనగా పొలము దున్నుట వంటిది. విత్తు వేసిన మరునాడు పెకలించి చూడరు. ఒక సంస్థలోని చిన్న భాగమును, అట్టి అనేక సంస్థలను కలిపిన సూచీ ఫండును, కొంత బంగారమును, కొంత ప్రభుత్వ పొదుపు పథకములను ఏండ్ల తరబడి ఉంచుకొనుట కృషిధర్మమునకు దగ్గర. ఇందు ఒక సున్నితమైన విషయము కలదు. నిఫ్టీ 50 సూచీలో పొగాకు వ్యాపారము గల సంస్థ కూడ ఉన్నది. మాంసవిషయమున చంపినవానితో పాటు అమ్మినవానికి, వండినవానికి, తిన్నవానికి దోషము చెప్పుచు, మనువు అనుమతించినవానిని అందరికంటె ముందు పేర్కొనెను. వాటాదారుడు చట్టప్రకారము యజమానియే గనుక అనుమంత కాడని చెప్పుట కష్టము. అట్లని సర్వదోషరహితమైన ధనము కలియుగమున ఎచ్చట దొరకునని చేతులు ముడుచుకొనుటయు తగదు. మద్యము, జూదము ప్రధానవృత్తిగా గల సంస్థల షేర్లను ప్రత్యేకముగా కొనకుండుట ఎవరికైనను సాధ్యమే. సూచీలో కలిసి వచ్చు స్వల్పాంశమునకు ప్రతిగా ఆ రాబడిలో కొంత దానము చేయుట సాధకులకు ఉచితము. ఇంటిలో పొయ్యి, రోలు మొదలగువాని వలన కలుగు హింసకు గృహస్థుడు పంచమహాయజ్ఞములు చేయునట్లు.

రాబడి వచ్చుచున్నపుడు దానిని ఎట్లు పంచవలెను? భాగవతము అష్టమస్కంధమున శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి ధనమును ఐదు భాగములు చేయుమని చెప్పెను: ధర్మమునకు, కీర్తికి, తిరిగి అర్థార్జనకు, భోగమునకు, స్వజనమునకు. మూడవ భాగమును గమనింపుడు. రాబడిలో కొంత మరల పెట్టుబడికి పోవలెనని గురువే చెప్పినాడు. అయితే ఈ ఉపదేశము జరిగిన సందర్భమును మరువరాదు. వామనునికి దానమీయవద్దని ఆపుటకు శుక్రుడు చెప్పిన మాటలివి. బలి వినలేదు. ఇచ్చినాడు, ధన్యుడైనాడు. గృహస్థుని నెలసరి లెక్కకు శుక్రుని విభాగమే ప్రమాణము. కాని త్రివిక్రముడు ద్వారమున నిలిచిన దినమున విభాగపత్రము వెదకుకొనువాడు బలి కాలేడు. ఈ రెంటిలో తన ముందున్నది ఏ దినమో తెలిసికొనుటకు వివేకము కావలెను, దానిని ఏ ఆర్థిక సలహాదారుడును ఇయ్యలేడు.

స్వాతంత్ర్యమను మాటకు వత్తము. పరవశమైనదంతయు దుఃఖము, ఆత్మవశమైనదంతయు సుఖము అను భావమును మనువు చెప్పినాడు. ఉద్యోగములో అధికారికి లోబడినవాడు విడుదల పొంది, ఉదయము తొమ్మిదింబావుకు మార్కెట్టు తెరచినది మొదలు మూడున్నరకు మూయువరకు ఫోనును చూచుచుండినచో యజమాని మారినాడు, దాస్యము మారలేదు. అభిషేకము జరుగుచుండగా ఒడిలోని ఫోనులో ఎఱుపు, పచ్చ అంకెలను చూచుకొను భక్తులు నేడు కనబడుచునే ఉన్నారు. వారిలో ఒక్కరికిని తిండికి కొదువ లేదు. పూర్వాచారములో వానప్రస్థమునకు కాలము చెప్పబడినది: దేహమున ముడుతలు, తల నెరయుట, మనుమని ముఖము చూచుట. మూడింటిలో ఒక్కటియు ధనసంఖ్య కాదు. నలుబదికే విరమించుట తప్పు కాదు. అయితే విరమించి చేయదలచినది నేడే కొంతైన చేయనివాడు రేపు చేయునని నమ్ముట కష్టము. దినమునకు అరగంట సంధ్యావందనమునకు తీరిక లేనివానికి పదునాలుగు గంటల తీరిక ఇచ్చినచో దానిని ఏమి చేయునో ఇంటివారికి తెలిసియే ఉండును.

యాజ్ఞవల్క్యుని జీవితము ఈ విషయమున మంచి దృష్టాంతము. జనకుని సభలో ఒక్కొక్క గోవు కొమ్ములకు పదేసి పాదముల బంగారము కట్టిన వేయి గోవులను ఆయన శిష్యునిచే తోలించుకొని పోయెను. తనకు గోవుల మీద కోరిక ఉన్నదని దాచుకొనలేదు. అంతటి బ్రహ్మనిష్ఠుడు కూడ ఆశ్రమాంతరమునకు పోవునపుడు, ముందుగా ఇద్దరు భార్యలను పిలిచి ఆస్తిని పంచదలచెను. భూమినిండ ధనమున్నను అమృతత్వము కలుగునా యని మైత్రేయి అడిగినది. కలుగదనియు, ఉపకరణములు గలవారి జీవితము వంటి జీవితము మాత్రము కలుగుననియు ఆయన చెప్పెను. ఆ సంవాదమునుండి మనకు ఆత్మవిద్య లభించినది. ఎల్లరును మైత్రేయిని కీర్తింతురు, కీర్తింపవలసినదే. కాత్యాయని విషయము ఎవ్వరును అడుగరు. ఆమె బ్రహ్మవాదిని కాదని, సామాన్యస్త్రీ బుద్ధి గలదని ఉపనిషత్తు ఒక్కమాటతో ముగించినది. అయినను ఋషి ఆమెను దిక్కులేనిదానిగా విడిచిపోదలచలేదు. పంపకమునకు ఆయన పూనుకొన్నదే అందుకు సాక్ష్యము.

నేటి గృహస్థులలో చాలమంది ఈ భాగముననే యాజ్ఞవల్క్యుని అనుసరింపరు. పదునైదేండ్లు క్రమము తప్పక సిప్ కట్టినవారు సైతము, ఏ ఫండులో ఎంత ఉన్నదో, డీమాట్ ఖాతా ఏ సంస్థలో ఉన్నదో, బీమా పత్రము ఏ బీరువాలో ఉన్నదో భార్యకు చెప్పరు. భార్య సంపాదించు ఇండ్లలో ఆమెయు భర్తకు చెప్పదు. నామినీ పేరు వ్రాయవలసిన గడి ఖాళీగా ఉండును. లేదా పెండ్లికి పూర్వము వ్రాసిన తండ్రి పేరే, ఆయన గతించి పదేండ్లైనను, అట్లే నిలిచి ఉండును. నామినీగా వ్రాయబడినవారు సొమ్మును అందుకొనువారే గాని వారసులు కానక్కరలేదు గనుక విల్లు కూడ కావలెను. యజమాని హఠాత్తుగా పోయినపుడు పదవనాటి ఖర్చునకు అప్పు తెచ్చుకొని, లక్షలు ఎచ్చట ఉన్నవో తెలియక తిరిగిన ఇల్లాండ్రను పురోహితులు ఎరుగుదురు. 2024 మార్చి నాటికి ఎవ్వరును అడుగక రిజర్వు బ్యాంకు నిధికి చేరిన డిపాజిట్ల మొత్తము 78,213 కోట్లు. అట్టి ఖాతాలను పేరుతో వెదకుటకు రిజర్వు బ్యాంకు 2023లో ‘ఉద్గం’ అను సైటును తెరచినది; అందు తలిదండ్రుల పేర్లు కూడ వెదకి చూడవచ్చును. పితృపక్షమునకు ముందు ఒక పూట కూర్చుండి ఆ పని చేసి, తమ ఖాతాల పట్టికను ఇంటివారికి చదివి వినిపించుటకు పెద్దగా సమయము పట్టదు.